సైటు భాష

మార్చి 2

రామతులసమ్మ మేడం మళ్ళీ ఫోన్ చేశారు. ఎత్తలేదు. వంట పనిలో ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, అప్పటికి మేడ మీద తీగకు ఆరేసిన బట్టల్ని అటువి ఇటూ ఇటువి అటూ మారుస్తూ నిలబడి ఉన్నాను. తర్వాత మెసేజ్ పెట్టారు. "జూన్ నుంచి తెలుగు టీచరు పోస్టు ఖాళీ శివరంజనీ. నీ చోటు నీకే ఇవ్వాలని ఉంది. ఏప్రిల్ పదిలోపు ఔనో కాదో చెప్పు."

నీ చోటు అన్నారు. ఆ మాట దగ్గరే పొద్దుటి నుంచి తిరుగుతున్నాను. కందుకూరులో, పెళ్ళికి ముందు పాఠాలు చెప్పిన బళ్ళో, నాకింకా ఒక చోటు ఉందన్నమాట.

ఉదయ్‌కి చెప్పలేదు. చెబితే "నీ ఇష్టం" అంటాడు. మూడేళ్ళ కాపురంలో నన్ను కాల్చుకు తిన్న మాట అదొక్కటే. స్పిన్నింగ్ మిల్లులో ఆ యంత్రాల రొదకు మించి అరిచి అరిచి, ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర ఇంక మాటలు మిగలవు.

ఈ పుస్తకాన్ని దాచే పని లేదు. టీవీ పక్కన పెట్టినా ఫరవాలేదు. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. తరతరాలుగా తమిళ గడ్డ మీద ఉన్నవాళ్ళు, రాతా చదువూ అన్నీ తమిళం, అవసరానికి ఇంగ్లీషు. నాకేమో తమిళం అక్షరం ముక్క రాదు. తెలుగు ఎమ్మే, బీఎడ్ చేసినదాన్ని, టౌను బస్సు బోర్డు చదవలేక కండక్టరు మొహం చూస్తూ నిలబడతాను. మాట్లాడదామా అంటే, నా తెలుగు వీళ్ళకు సినిమా తెలుగు. "అత్తయ్యా" అని పిలిచిన మొదటి రోజే మా అత్తగారు మంగళం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అత్తలోకి అయ్యా ఎక్కడనుండి వచ్చినాడు?"

ఆవిడ మంచిదే. అందరూ మంచివాళ్ళే. అదే కదా నా బాధ, ఎవరి మీద కోపం తెచ్చుకోను?

మార్చి 4

ఇవాళ ఇంట్లో గొడవ. మా మామగారికి సత్రపట్టిలో చిన్న మగ్గాల షెడ్డు ఉంది. మగ్గాన్ని వీళ్ళు తరి అంటారు. ఆసుపత్రులకు కట్టు గుడ్డ నేస్తారు. కొచ్చిలో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి కొనుగోళ్ళ మేనేజరు ఫోన్ చేసి, ఈ ఏడాది కొత్త వాళ్ళ దగ్గర తీసుకుంటున్నాం, మీ వెబ్‌సైట్ లింకు పంపండి అన్నాడట. మామయ్య పంపిస్తామని ఫోన్ పెట్టేసి, తువ్వాలు భుజం మీంచి తీసి కుర్చీలో కొట్టారు.

"పక్క షెడ్డు అళగిరికి ఉండాది అంట వెబ్‌సైటు! నా కండ్ల ముందర తరి తోలను నేర్చుకొన్నవాడు. వానికి ఉండాది, నాకు లేదు!"

"వానికి షుగరు కూడా ఉండాది," అంది అత్తయ్య. "దానికీ ఏడుస్తావా?"

మామయ్య వినలేదు. ఉదయ్ పాత ల్యాప్‌టాప్ దుమ్ము తుడిచి, భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. సైటు ఆయనే కడతారట. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే "నీకెందుకమ్మా శ్రమ" అంటారు, అంతకంటే తిట్టినా బాగుండును.

మార్చి 6

రెండు రోజులుగా మామయ్య హోస్టింగ్ కంపెనీలతో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఇల్లంతా ఇదే. నేను కూరలు తరుగుతూ వింటున్నాను.

పేరు వేరే కొనాలట, జాగా వేరే అద్దెకు తీసుకోవాలట. పేరంటే షెడ్డు మీద బోర్డు, హోస్టింగ్ అంటే షెడ్డు. ఇంతవరకు మామయ్యకు చక్కగా పట్టుబడింది. ఆ తర్వాత అవతలి కుర్రవాణ్ణి ఆ షెడ్డు ఏ ఊళ్ళో ఉందని అడిగారు. సర్వర్ ముంబైలో ఉందన్నాడు.

"అంత దూరము ఎందుకు? మదురైలో జాగా లేదా?"

లేదన్నాడు. మామయ్యకు నచ్చలేదు. ఎప్పుడైనా పోయి చూడాలంటే ఎలా అని ఆయన బెంగ.

అన్నిటికంటే చవకది షేర్డ్ హోస్టింగ్. అదేమిటో అర్థమయ్యాక అత్తయ్యకు ఆయనే విడమరిచి చెప్పారు. "ఒకే షెడ్డులో నూరు మంది తరి వేసుకొన్నట్టు. పక్కవాడు కరెంటు ఎక్కువ ఇగ్గితే, మన తరి మెల్లగా ఆడుతాది. తని షెడ్డు కావాలంటే వాడగ ఎక్కువ." తని అంటే విడి, వాడగ అంటే అద్దె. ఇంత బాగా నేను పిల్లలకు సంధులు కూడా చెప్పి ఉండను.

ఉచితంగా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. కాకపోతే మన పేరు చివర వాళ్ళ పేరు తగిలిస్తారు. "మన వాకిట్లో వాని బోర్డా?" అని అది తీసి పారేశారు. ఇంకొక కంపెనీ వాడు మొదటి ఏడాదికి దాదాపు ఊరికే ఇస్తానన్నాడు. మామయ్య కళ్ళద్దాలు సర్దుకుని కింద చిన్న అక్షరాలదాకా పోయారు. "రెండో వరుషము గొంతు మీద కూర్చుంటాడు. వీడు మన బజారులో కడలు వాడగకు ఇచ్చేవాని మాదిరే ఉండాడు." కడ అంటే వీళ్ళకు కొట్టు. చివరికి ఏ ఏడైనా ఒకే అద్దె చెప్పిన కంపెనీని పట్టుకున్నారు.

నాకు లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. బీరకాయ తొక్కు తీస్తూ ఉండిపోయాను. ఒకే కాయను రెండుసార్లు తీశాను కాబోలు, కూర సగమైంది.

మార్చి 7

మంగళం పేరుతో డాట్ కామ్ ఎవరో తీసేసుకున్నారు. "మంగళం నా పెండ్లాము! ఇంకొకడు ఎట్లా తీసుకొన్నాడు?" అని మామయ్య. అత్తయ్య పడీ పడీ నవ్వింది. ఆఖరికి మంగళం బ్యాండేజ్ డాట్ ఇన్.

మార్చి 9

ఇవాళ్టిది రాయాలి. రాయకపోతే వేళ్ళు ఊరుకోవు.

మధ్యాహ్నం చిన్నుల్లిపాయలు వొలుస్తున్నాను. భోజనాల బల్ల దగ్గర్నుంచి కేక. "రంజనీ! రంజనీ, ఇక్కడ రా!"

ఈ ఇంట్లో నన్ను అలా కేకేసి పిలవడం అదే మొదలు. ఏమైందోనని పరుగెత్తాను. మామయ్య ల్యాప్‌టాప్ నుంచి కుర్చీ వెనక్కి లాక్కుని, పాముని చూసినట్టు చూస్తున్నారు.

తెర నిండా తెలుగు. పేజీలు. మాధ్యమాలు. రూపురేఖలు. వాడుకరులు. అమరికలు. ఎడమ పక్కన బారుగా అచ్చు తెలుగు అక్షరాలు. నా చేతిరాత కాని తెలుగుని ఈ ఊళ్ళో ఒక్కసారిగా అంత చూడలేదు నేను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

"ఏం చేశారు మామయ్యా?"

"నేనేమి చేసినాను? సైటు పెట్టేముందర మీ భాష ఏది అని అడిగినాడు. మన భాష తెలుగు. అబద్ధము చెప్పేదా?"

పాపం నిజమే. అడిగినవాడికి నిజం చెప్పారు. తను పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష, అక్షరాల్లో ఎదురుపడితే ఒక్కటి కూడా గుర్తు పట్టలేరని ఆ క్షణం దాకా ఆయనకు తట్టలేదు.

"ఇది ఏమి రాసిండాది? చదువు."

చదివాను. నిలబడే చదువుతుంటే కుర్చీ జరిపి కూర్చోమన్నారు. కూర్చున్నాను.

మొదటి నిమిషంలోనే కనబడింది. అమరికలు, అందులో సాధారణం, అందులో సైటు భాష. ఇంగ్లీషుకు మార్చి భద్రపరచు నొక్కితే అయిపోయే పని. మామయ్య అడిగారు కూడా, "ఇది మార్చేదానికి అవునా?" అని.

"చూడాలి మామయ్యా," అన్నాను.

మార్చి 10

ఉదయ్ షిఫ్టు నుంచి వచ్చి తెర చూసి నవ్వాడు. "ఇంగ్లీషుకు మార్చేదానికి కాదా?" ఎక్కడుందో దొరకలేదన్నాను. "సరి, నీ ఇష్టం," అని స్నానానికి పోయాడు. ఆ మాట ఈ ఒక్కరోజు నాకు పనికొచ్చింది.

మార్చి 13

భోజనాలయ్యాక రోజూ ఇప్పుడు ఇదే పని. మామయ్య చెబుతారు, నేను చేస్తాను. అత్తయ్య చేటలో బియ్యమో కందిపప్పో వేసుకుని వచ్చి కూర్చుంటుంది. నేను ప్రతి మాటా పైకి చదవాలి.

"చిత్తుప్రతి," అని చదివాను.

మామయ్య గాబరా పడ్డారు. "చిట్టా ఎందుకు అడుగుతాడు? చిట్టా అంటే భూమి కాగితము కదా. పట్టా కూడా చూపించాలా వీనికి?"

చిట్టా కాదు, చిత్తు, ఇంకా సరిచూడని రాత అని చెప్పేసరికి నాకే నవ్వాగలేదు. సంకేతపదం, అంటే పాస్‌వర్డ్, అత్తయ్యకు సంగీతమని వినబడి పాటేదైనా పాడాలేమో అనుకుంది. ప్రచురించు అనడానికి ఆవిడకు నోరు తిరగలేదు. "పరుచు. చాప పరిచినట్టు. అంతే కదా?" అంతే అత్తయ్యా, అంతే. అప్పటి నుంచి నేను పేజీ పూర్తి చేసినప్పుడల్లా ఆవిడ "పరిచేయ్" అంటుంది. ఇరవై రెండు మంది పిల్లల తరగతిలో కూడా నాకింత సంతోషం దొరకలేదు.

పొద్దున లేవగానే మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. మేడంకి ఇంకా జవాబివ్వలేదు.

సైటు భాష రేపు మారుస్తాను. మామయ్యకు కాస్త చెయ్యి తిరగనీ.

మార్చి 15

రేపు మారుస్తాను. నిజంగా.

మార్చి 18

ఫోటోల కోసం సత్రపట్టి వెళ్ళాం. షేర్ ఆటోలో మామయ్య, నేను. షెడ్డులో చెవులు దిబ్బళ్ళు పడే మోత. గాలిలో నూగు తేలుతోంది, మునిగాళ్ళ దాకా తెల్లగా అయ్యాను. గుడ్డ చుట్టల మధ్య పనిచేస్తున్న ఇసక్కియమ్మాళ్‌ని ఫోటో తీయబోతే గిర్రున వెనక్కి తిరిగింది. కొచ్చి వాళ్ళు చూసేదానికి ఈ చీర ఏమిటి అని ఇంటికి పోయి పట్టుచీర కట్టుకొచ్చింది. కట్టు గుడ్డ చుట్టల మధ్య పట్టుచీర! మామయ్య ఆ ఫోటోనే మొదటి పేజీలో పెట్టమన్నారు.

తిరుగు ప్రయాణంలో మామయ్య ఆటోవాడితో చెబుతున్నారు, తమిళంలో. నాకు ఒక్కటే అర్థమైంది. మరుమగళ్, అంటే కోడలు, అన్నారు, నా వైపు చూపించారు, వెబ్‌సైట్ అన్నారు. అదీ ఒకటికి రెండుసార్లు.

ఇంటికొచ్చాక కుదురుగా కూర్చోలేకపోయాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

మార్చి 22

పరిచేశాం. సైటు బయటికి వచ్చింది. మామయ్య కొచ్చికి లింకు పంపారు. ఆ మేనేజరు చూసి, బాగుంది, సైటులోనే శాంపిల్ అడుగుతాను అన్నాడట.

రాతంతా ఇంగ్లీషే. నేనే రాశాను, ఉదయ్ తప్పులు దిద్దాడు. గుడ్డ కొలతలు, నూలు నంబర్లు, ఇసక్కియమ్మాళ్ పట్టుచీర. అంతా అయ్యాక ఒకసారి నా ఫోన్లో తెరిచి చూశాను. చివర్లో శాంపిల్ అడగడానికి గడులున్నాయి, పేరూ ఊరూ ఫోన్ నంబరూ. గడుల పేర్లు ఇంగ్లీషులోనే పెట్టాను. కింద బొత్తాం మీద మాత్రం "పంపించు" అని తెలుగులో ఉంది.

అది సైటు భాష నుంచి వచ్చింది. తెలుసు. అది మారిస్తే లోపలంతా ఇంగ్లీషైపోతుంది. మామయ్య తనే చదువుకుంటారు.

కొచ్చి వాళ్ళు చదువుకున్నవాళ్ళు. బొత్తాం అంటే బొత్తామే. ఏ భాషలో ఉన్నా నొక్కేది వేలితోనే కదా.

మార్చి 24

"ఏమన్నా వచ్చినాదా?" అని మామయ్య. రాలేదు.

మార్చి 25

రాలేదు.

మార్చి 27

ఏమీ రాలేదు. మామయ్య పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా నేను బల్ల దగ్గరికి పోయి, తెరిచి, చదివి, లేదని చెబుతున్నాను. నన్ను నమ్మి ఆయన లోపలికి కూడా తొంగి చూడరు.

ఇవాళ నేనే కొనేవాళ్ళలా నటించి నా ఫోన్ నుంచి పంపి చూశాను. ఫోన్ నంబరు గడిలో మధ్యలో ఖాళీ వదిలి కొట్టాను, మామూలుగా అందరం అలాగే కొడతాం. పోలేదు. ఎర్రటి అక్షరాల్లో వచ్చింది: "ఈ గడిలో అంకెలు మాత్రమే నింపాలి."

కొచ్చిలో మలయాళం మనిషికి ఇది ఏం అర్థమవుతుంది? నాకు తమిళ బస్సు బోర్డు ఎంత అర్థమవుతుందో అంతే.

ల్యాప్‌టాప్ ఎదురుగానే ఉంది. అమరికలు తెరిచాను. సైటు భాష దగ్గరికి పోయాను. వెనక నుంచి అత్తయ్య, "రంజనీ, మురుకులు కాల్చినాను, రా, తినుకొంటా ఈ పొద్దు ఆ వాడుకరులు అంటే ఏమో చెప్పు," అని పిలిచింది.

వెళ్ళాను. మురుకులు తిన్నాను. వాడుకరులంటే సైటు తాళంచెవి ఉన్నవాళ్ళని చెప్పాను.

అతను మళ్ళీ ప్రయత్నిస్తాడు. లేకపోతే ఫోన్ చేస్తాడు. చేయడా?

మార్చి 28

చేయలేదు.

ఏప్రిల్ 1

అళగిరికి వచ్చింది కొచ్చి ఆర్డరు. ఈ సంగతి మామయ్యకు అళగిరే చెప్పాడు, టీ కొట్టు దగ్గర, ఏప్రిల్ ఫూల్ అనుకుని ఆయన నవ్వారట. ఇంటికొచ్చి కొచ్చికి ఫోన్ చేశారు. ఆ మేనేజరు మర్యాదగానే చెప్పాడు. రెండుసార్లు పంపాను, రెండుసార్లూ ఎర్రగా ఏదో రాత వచ్చింది, మీ సైటు పని చేయడం లేదనుకున్నాను, నెలాఖరుకి పట్టిక మూసేశాం.

మామయ్య ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

"ఎర్రగా ఏమి రాసిండాది రంజనీ?"

చదివి చెప్పాను. అంకెలు మాత్రమే నింపాలి అని.

"అంతేనా," అన్నారు. "తెలుగు అని చెప్పింది నేనే కదా, కొచ్చి వానికి ఎట్లా తెలుస్తాది?" నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు తనదే అనుకుంటున్నారు, ఆ రోజు తెలుగు అని చెప్పినందుకు. భోజనానికి రాలేదు.

చెప్పేస్తాను. సాయంత్రం చెప్పేస్తాను.

చెప్పలేదు.

ఏప్రిల్ 3

ఆడపడుచు అభిరామి కోయంబత్తూరు నుంచి వచ్చింది. సెలవులు. అక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. చెప్పులు విప్పకముందే మామయ్య ఆ అమ్మాయికి కొచ్చి కథంతా చెప్పారు. అభి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తెలుగు అక్షరం రాదు, అయినా బొమ్మల గుర్తుతోనే చకచకా పోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నిమిషం కూడా పట్టలేదు. తెరంతా ఇంగ్లీషైపోయింది.

"ఇక్కడే ఉండాది కదా వదినా," అంది అభి. దెప్పాలని కాదు, నిజంగా ఆశ్చర్యపోయింది. "సైటు భాష అని నీకు తెలుగులోనే రాసిండాది కదా. చూడలేదా?"

చూడలేదని అనొచ్చు. అందరూ నమ్మేవాళ్ళు. అభి కూడా నమ్మేది.

"చూశాను," అన్నాను.

"ఎప్పుడు?"

"మొదటి రోజే."

ఉదయ్ వార్తాపత్రిక దించాడు. నేను ఆగలేదు, ఆగితే ఇక చెప్పలేను. మార్చేస్తే నన్ను ఎవరూ పిలవరని మార్చలేదన్నాను. బొత్తాం సంగతి తెలుసన్నాను. ఎర్ర అక్షరాలు నేను ముందే చూశానన్నాను. కొచ్చి మనిషి పోయింది నా వల్లేనన్నాను. ఏడవలేదు. ఏడిస్తే ఓదారుస్తారు, అది నాకు వద్దు.

మామయ్య కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వు చదివినదే నిజము అని కూర్చొన్నాను కదమ్మా, నేను."

లేచి షెడ్డుకు వెళ్ళిపోయారు. ఎండలో, తువ్వాలు కూడా వేసుకోకుండా.

ఏప్రిల్ 4

ఎవరూ పిలవలేదు.

ఏప్రిల్ 5

ఎవరూ పిలవలేదు. అభి, మామయ్య బల్ల దగ్గర కూర్చుని ఇంగ్లీషులో చేసుకుంటున్నారు. గబగబా అయిపోతోంది. నేను నెల్లాళ్ళు చేసింది వాళ్ళకు గంట పని. అత్తయ్య చేట పట్టుకుని ఒకసారి వచ్చింది, కాసేపు నిలబడింది, వెళ్ళిపోయింది.

పెట్టె సర్దాను. విప్పాను. మళ్ళీ సర్దాను.

ఉదయ్‌కి మేడం సంగతి చెప్పాను. కందుకూరు పోతాను, జూన్ నుంచి బడి, వెళ్ళనా అని అడిగాను. నీ ఇష్టం అంటాడని ఎదురుచూశాను, అంటే మీద పడి రక్కేద్దామన్నంత కోపంగా ఉన్నాను.

"నా ఇష్టము ఒక్కసారన్నా అడిగినావా?" అన్నాడు.

మూడేళ్ళూ ఆయన నా ఇష్టానికి వదిలేశాడని మండిపడ్డాను, ఆయన ఇష్టం ఏమిటని నేనూ అడిగింది లేదు. ఇప్పుడు అడగడానికి మొహం చెల్లలేదు. చెన్నై మీదుగా కందుకూరు పోయి మేడంకి ఎదురుగానే ఔనని చెబుదామని, తొమ్మిదో తేదీ చెన్నై బండికి టికెట్ చేశాను. ఒక్కదానికే.

ఏప్రిల్ 6

అభి వెళ్ళిపోయింది. వెళ్తూ నా భుజం పట్టుకుని, "విడు వదినా," అంది. ఏది విడవాలో చెప్పలేదు.

ఏప్రిల్ 8

పొద్దున వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి, రేపు దారిలోకి పులిహోర చేసుకోవాలా వద్దా అని చింతపండు గిన్నె ముందేసుకుని గట్టు దగ్గర కూర్చున్నాను. మామయ్య షెడ్డుకు పోయారు. నాతో ఇంకా మాట్లాడలేదు. అత్తయ్య ల్యాప్‌టాప్ రెండు చేతుల్తో ఎత్తుకొచ్చి వంటగట్టు మీద పెట్టింది.

"నా పేరు మీద ఉండేది కడ. నాకు తాళంచెవి లేదా?"

"సైటుకా అత్తయ్యా?" అన్నాను.

"మామకు ఉండాది, నీకు ఉండాది, అభికి ఉండాది. మంగళం అని బోర్డు పెట్టి మంగళానికి లేదా? నాకు ఒకటి చెయ్యి. మామకిచ్చిన అధికారమే ఇవ్వు, తక్కువ వద్దు."

చేశాను. ఇంగ్లీషులో ఉంది కాబట్టి పేరూ ఇనీషియలూ ఎక్కడ కొట్టాలో చూసుకుంటూ ఆవిడను వాడుకరుల్లో చేర్చాను. జె. మంగళం. సంకేతపదం ఆవిడ నా చెవిలో చెప్పింది, వంటింట్లో మేమిద్దరమే ఉన్నా. అది ఇక్కడ రాయను.

"భాష అడుగుతాడు కదా," అంది.

"అడిగాడు అత్తయ్యా. ఇంగ్లీషు పెట్టాను, సైటుదే వస్తుంది."

"అభి చెప్పినాది, సైటు ఏ భాషలో ఉన్నా, లోపల ఎవరి తాళంచెవికి వాళ్ళ భాష పెట్టుకోవచ్చును అని. బయట కొచ్చివానికి ఇంగ్లీషే ఉంటాది. నాకు తెలుగు పెట్టు."

నెల్లాళ్ళు ఆ పక్కనే ఉన్న గడి అది. నేను చూడనే లేదు. చూసి ఉంటే కొచ్చి ఆర్డరూ ఉండేది, నా మధ్యాహ్నాలూ ఉండేవి.

"మీకు తెలుగు చదవడం రాదు కదా," అన్నాను.

"నీకు వచ్చును కదా."

చింతపండు చేత్తోనే మొహం తుడుచుకున్నాను, కళ్ళు మండాయి. తెలుగు పెట్టి, ఆవిడ తాళంచెవితోనే లోపలికి వెళ్ళాను. మళ్ళీ తెర నిండా అక్షరాలు వచ్చాయి. అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. వాడుకరులు చూపించమంది, తన పేరు వచ్చిందో లేదో చూడాలట. తన పేరును గుర్తు పట్టడం రాదు, నేను వేలు పెట్టి చూపించాను. మామయ్య పేరు, అభి పేరు, నా పేరు కూడా చూపించాను. ఆవిడ కళ్ళు చిట్లించి కాసేపు చూసింది. చదవడం రాకపోయినా ఆకారాలు చూస్తుంది కదా.

"మా ముగ్గురు పేర్ల కింద, లేదు, మీ ముగ్గురు పేర్ల కింద ఒక మాట ఎక్కువ ఉండాది. నా పేరు కింద లేదు. ఏమి అది?"

"తొలగించు అని అత్తయ్యా. అది నొక్కితే ఆ మనిషి పేరు ఇందులోంచి పోతుంది."

"నాది?"

"మీ తాళంచెవితో మీరే లోపలికి వచ్చారు కదా. ఎవరిని వాళ్ళు తొలగించుకోవడం కుదరదు. ఇంకొకరు తీయాలి."

"అట్లనా." మళ్ళీ తెర వైపు చూసింది. "అంటే నీ తాళంచెవితో పోయినా, నిన్ను నువ్వు తీసుకొనేదానికి కాదు."

"కాదు."

"మేమే తీయాలి."

"ఔను."

అత్తయ్య ల్యాప్‌టాప్ మూత మూసింది. పెట్టె సర్ది ఉన్న గది వైపు ఒకసారి చూసి, నా ముందునుంచి చింతపండు గిన్నె తీసి పక్కన పెట్టింది.

"మేము తీసేది లేదు," అంది. "లెయ్, పప్పు మాడుతాది."